డిస్కం మన మాట ఎక్కడ వింటుంది? కరెంటు వినియోగదారుల ప్రశ్నలు, జవాబులు

డిసెంబరు వచ్చిందంటే ఒకే రకం ఫోన్లు: ఛార్జీలు పెంచుతున్నారట, ఎవరికి చెప్పాలి? ఎండలు ముదిరితే ఇంకో రకం: ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, ఎవరూ పలకడం లేదు. ఏడాది పొడవునా తిరిగి తిరిగి వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఇవి వర్తిస్తాయి. తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాం. విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం, జనం మాట వినాల్సిన చోట్లు చట్టంలో చాలానే ఉన్నాయి. చిక్కల్లా ఒక్కో చోట ఒక్కో రకం మాటే చెల్లుతుంది. చాలామంది సరైన మాటను తప్పు గుమ్మంలో చెప్పి, ఎవరూ వినలేదని వెనుదిరుగుతున్నారు.

## ముందుగా తెలుసుకోవలసినవి

మాకు కరెంటు ఇచ్చేది ప్రభుత్వమా, కంపెనీయా?

కంపెనీయే, కానీ దాని యజమాని ప్రభుత్వం. పాత విద్యుత్ బోర్డును 1999 ఫిబ్రవరి 1న కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, పెద్ద లైన్లు చూసే ట్రాన్స్‌కోలుగా విడదీశారు. 2000 ఏప్రిల్ 1 నుంచి పంపిణీ పనిని నాలుగు డిస్కంలకు అప్పగించారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, విజయవాడ, విశాఖపట్నం కేంద్రాలుగా మూడు, తెలంగాణలో హైదరాబాద్, వరంగల్ కేంద్రాలుగా రెండు ఉన్నాయి. సిరిసిల్ల ప్రాంతానిది వేరే దారి. అక్కడ పంపిణీ చేసేది సహకార సంఘం, జనం నోట ‘సెస్’. దాని పాలకవర్గాన్ని వినియోగదారులే ఓటు వేసి ఎన్నుకుంటారు. కరెంటు కంపెనీ డైరెక్టరు ఓటు కోసం మన ఇంటికి రావడం మిగతా జిల్లాల వాళ్ళకు ఊహకు కూడా అందదు.

ఛార్జీలు పెంచేది డిస్కమా, ప్రభుత్వమా, ఈఆర్‌సీయా?

ముగ్గురి పాత్రా ఉంది కాబట్టే ముగ్గురూ ఒకరి మీద ఒకరు తోసేస్తారు. వచ్చే ఏడాది తనకు ఎంత ఖర్చవుతుందో, ఎంత రాబడి కావాలో డిస్కం లెక్క వేసి ప్రతిపాదిస్తుంది. దాన్నే ఏఆర్‌ఆర్ అంటారు. ఆ లెక్కను పరిశీలించి ధర నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ. దాన్నే కమిషన్ అని కూడా అంటారు. ఫలానా వర్గానికి అంతకన్నా తక్కువకు ఇవ్వాలనుకుంటే, ఆ తేడాను ప్రభుత్వం సబ్సిడీగా భరించాలి. ఆ డబ్బును ముందుగానే డిస్కంకు చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఉచిత కరెంటు యూనిట్లు పెంచమని ఈఆర్‌సీని అడిగితే లాభం లేదు. అది శాసనసభ్యుణ్ణి అడగవలసిన మాట. డిస్కం లెక్కలో ఖర్చు ఎక్కువ చూపించారని మాత్రం ఈఆర్‌సీనే అడగాలి.

ఛార్జీల మీద ఈఆర్‌సీ జరిపే బహిరంగ విచారణ వట్టి తంతు అంటారు. నిజమేనా?

సగం నిజం. హాలు నిండా జనం వచ్చి గట్టిగా మాట్లాడినంత మాత్రాన ధర తగ్గదు. అయితే కాగితం మీద పెట్టిన అభ్యంతరం ఫలించిన సందర్భాలున్నాయి.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కమిషన్ (ఏపీఈఆర్‌సీ) 2014-19 కాలానికి సుమారు 3,669 కోట్ల రూపాయల ట్రూ-అప్ వసూలుకు, అంటే ముందు వేసిన అంచనాకు మించి అయిన ఖర్చు వసూలుకు, అనుమతించింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం పరిధిలో యూనిట్‌కు 1.23 రూపాయలు, విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు డిస్కం పరిధిలో 45 పైసలు చొప్పున వసూలు మొదలైంది. కానీ దీనిపై పత్రికల్లో బహిరంగ ప్రకటన ఇవ్వలేదు. వినియోగదారులు ఆ లోపాన్నే పట్టుకున్నారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. చివరకు కమిషన్ తన ఆదేశాన్ని తానే వెనక్కి తీసుకుని, అక్టోబరులో మళ్ళీ విచారణ పెట్టింది. అక్కడ పనిచేసింది ధర ఎక్కువన్న వాదన కాదు. మమ్మల్ని అడగలేదన్న ఒక్క మాట.

తెలంగాణలో 2024లో, నెలకు 300 యూనిట్లు దాటే గృహ వినియోగదారులకు స్థిర ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని డిస్కంలు అడిగాయి. విచారణల తర్వాత అక్టోబరు చివర్లో కమిషన్ ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కమిషన్ ఏర్పడ్డాక 2000లో వచ్చిన తొలి టారిఫ్ (ఛార్జీల) ఆదేశం మీదే రాష్ట్రమంతా అట్టుడికింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. విచారణ గదిలో వినవలసిన మాట వినకపోతే అది వీధికెక్కుతుందని ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ మరచిపోలేదు. ఛార్జీల పెంపు అనగానే నేటికీ అధికారులు తడబడటానికి కారణం అదే.

## నోటీసు వచ్చాక, విచారణకు ముందు

నోటీసు ఎప్పుడు వస్తుంది? ఎక్కడ చూడాలి?

కొత్త టారిఫ్ ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. పూర్తి దరఖాస్తు అందిన 120 రోజుల్లో కమిషన్ నిర్ణయం చెప్పాలి. ఆ లెక్కన డిస్కంలు నవంబరు నెలాఖరుకు ఏఆర్‌ఆర్ దాఖలు చేయాలి. గడువు పొడిగించమని అడిగి జాప్యం చేసిన ఏడాదులూ ఉన్నాయి. దాఖలు చేశాక తెలుగు, ఇంగ్లిషు దినపత్రికల్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలకు చివరి తేదీ, విచారణ జరిగే ఊర్లు, ప్రతిపాదిత ధరల పట్టిక అందులోనే ఉంటాయి. పూర్తి పత్రాలు డిస్కం, ఈఆర్‌సీ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. పత్రికలో చిన్న అక్షరాలతో వచ్చే ఆ ప్రకటనను కత్తిరించి దాచుకోండి. గడువు మీద గొడవ వస్తే పనికొస్తుంది.

ఏఆర్‌ఆర్ వందల పేజీల ఇంగ్లిషు. నేనేం చదవగలను?

అంతా చదవనక్కర లేదు. నాలుగు పట్టికలు చాలు: ఏ వర్గానికి ఎన్ని యూనిట్లు అమ్ముతామంటున్నారు, ఏ ప్లాంటు నుంచి ఎంతకు కొంటామంటున్నారు, దారిలో ఎంత శాతం నష్టం చూపించారు, యూనిట్ సరఫరాకు సగటున ఎంత ఖర్చవుతుందన్నారు. పక్కనే నిరుటి ఆదేశంలోని ఇవే పట్టికలు పెట్టుకోండి. ఈ ఏడాది అంకె ఎక్కడ ఎగబాకిందో వేలు పెట్టి చూపవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ తవ్వవలసింది వ్యవసాయ వినియోగం. చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెట్టిన నమూనా మీటర్లను బట్టి మొత్తం రాష్ట్రానికి అంచనా వేస్తారు. ఆ అంచనా ఉబ్బితే పంపిణీ నష్టాలు, చౌర్యం రైతు ఖాతాలో కలిసిపోతాయి, డిస్కం పనితీరు కాగితం మీద మెరుస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి విచారణలో ఎవరో ఒకరు లేవనెత్తుతున్న ప్రశ్న ఇది. సంతృప్తికరమైన జవాబు మాత్రం ఇంకా రాలేదు.

అభ్యంతరం ఎలా రాయాలి? లాయరు కావాలా?

లాయరు అక్కర లేదు. పేరు, చిరునామా, సర్వీసు నంబరు రాయండి. ఏ ప్రతిపాదన మీద అభ్యంతరమో దాని పేజీ సంఖ్యతో చెప్పండి. కారణం రాయండి, ఏం కోరుతున్నారో చివర ఒక వాక్యంలో చెప్పండి. స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ మాట తప్పనిసరిగా రాయాలి. ఒక ప్రతి డిస్కంకు, ఒకటి కమిషన్ కార్యదర్శికి పంపాలి. డిస్కంకు అందినట్టు రుజువు జతచేయాలి. డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి.

సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. పేదలపై భారం మోపవద్దు అని ఒక్క వాక్యం రాసి, కింద యాభై సంతకాలు పెట్టిస్తారు. సంతకాలు ఎన్నున్నా కమిషన్‌కు అది ఒక్క అభ్యంతరమే. దానికి డిస్కం ఇచ్చే జవాబు కూడా అంతే పొట్టిగా ఉంటుంది. ‘ఫలానా ప్లాంటు కరెంటు ధర నిరుడు ఇంత, ఈసారి ఇంత, కారణం చెప్పలేదు’ అని ఒక్కరు రాస్తే డిస్కం ఆ అంకెకు సమాధానం చెప్పక తప్పదు.

తెలుగులో రాయవచ్చా?

నిస్సంకోచంగా. విచారణలో మాట్లాడేవాళ్ళలో ఎక్కువ మంది తెలుగులోనే మాట్లాడతారు.

డిస్కం దగ్గర ఉన్న సమాచారం ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

డిస్కంలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే అభ్యంతరాల గడువు చాలాసార్లు అంతకంటే ముందే ముగుస్తుంది. నోటీసు కోసం చూడకుండా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అడిగి పెట్టుకోవడం నయం.

## విచారణ రోజు

అక్కడ ఏం జరుగుతుంది?

కమిషన్ ఛైర్మన్, సభ్యులు వేదిక మీద కూర్చుంటారు. డిస్కం అధిపతి, అంటే సీఎండీ, తన ప్రతిపాదనలు వివరిస్తారు. తర్వాత అభ్యంతరాలు పంపినవారిని వరుసగా పిలుస్తారు. రైతు సంఘాలు, పరిశ్రమల సంఘాలు, రైల్వేలు, స్పిన్నింగ్ మిల్లులు, రొయ్యల చెరువుల వాళ్ళు, కాలనీ సంఘాలు అందరూ అదే వరుసలో ఉంటారు. చివర్లో డిస్కం జవాబు చెబుతుంది, సబ్సిడీపై ప్రభుత్వ ప్రతినిధి మాట్లాడతారు. కరోనా తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరలోని డిస్కం కార్యాలయం నుంచి వీడియో ద్వారా మాట్లాడే వీలు కూడా కల్పించారు. దూరాభారం తగ్గింది కానీ, ఎదురుగా నిలబడి అడిగినప్పుడు అధికారి ముఖంలో కనిపించే ఇబ్బంది తెర మీద కనిపించదు.

మాట్లాడే సమయం కొద్దిగానే ఇస్తారు. ఏం చెప్పాలి?

మీ కాగితంలోని ఒకటి రెండు బలమైన అంశాలు చాలు, మిగతాది రాతలో ఉండనే ఉంది. డిస్కం పంపిన జవాబు ముందే చదువుకుని వెళ్ళి, అందులో దాటవేసిన చోటు చూపించండి. ‘నేను అడిగింది ఇది, వారు చెప్పింది అది’ అన్న వాదనకు మించింది లేదు. మాట్లాడేవారి వరుస నేతలు వచ్చినప్పుడు మారిపోతుంటుంది, కాబట్టి పూట గడిచేదాకా కూర్చునే ఓపికతో వెళ్ళండి.

మా ఊరి లైన్‌మన్ డబ్బు అడుగుతున్నాడు. అక్కడ చెప్పవచ్చా?

చెప్పవచ్చు. సీఎండీ అక్కడికక్కడే సూపరింటెండింగ్ ఇంజనీరును (ఎస్‌ఈ) నిలదీయవచ్చు, మర్నాడే మీ పని కావచ్చు కూడా. అయినా ఆ మాట టారిఫ్ ఆదేశాన్ని మార్చదు. లంచం సంగతి అవినీతి నిరోధక శాఖకు, సేవా లోపం డిస్కంలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళాలి, దాని సంగతి కింద చెప్పాం. విచారణలో పేరు తీస్తే ఊళ్ళో మొహాలు చూసుకోవలసింది మీరేనని కూడా గుర్తుంచుకోండి.

## ఆదేశం వచ్చాక

నా అభ్యంతరం ఏమైందో ఎలా తెలుస్తుంది?

టారిఫ్ ఆదేశంలో అభ్యంతరాల కోసం ప్రత్యేక భాగం ఉంటుంది. అభ్యంతరం సారాంశం, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం వరుసగా ముద్రిస్తారు. కమిషన్ అభిప్రాయం దగ్గర ‘గమనించాం’ అని మాత్రమే ఉంటే మీ వాదన పక్కకు పోయినట్టే. ‘డిస్కం ఫలానా తేదీలోగా నివేదిక ఇవ్వాలి’ అని ఉంటే అది ఆయుధం. వచ్చే ఏడాది అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆదేశం నచ్చకపోతే పై కోర్టు ఉందా?

ఉంది. కమిషన్‌నే పునఃసమీక్ష కోరవచ్చు. లేదా 111వ సెక్షన్ కింద 45 రోజుల్లో ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఖర్చు దృష్ట్యా ఇది ఒంటరి మనిషికి అందే దారి కాదు, సంఘాలకు సరిపోయేది.

ధరలు పెంచలేదన్నారు. మరి బిల్లు ఎందుకు పెరిగింది?

టారిఫ్ పట్టిక మారకపోయినా ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరుతో అదనపు వరుస చేరుతుంది. బొగ్గు ధర పెరిగినా, మార్కెట్లో కరెంటు ఎక్కువకు కొన్నా, ఆ తేడాను తర్వాతి బిల్లుల్లో కలుపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా కమిషన్ ముందస్తు అనుమతి లేకుండానే నెలనెలా వేసుకునే వీలు కల్పించారు. లెక్క తేలాక తక్కువో ఎక్కువో కమిషన్ సరిచేస్తుంది. వసూలు ముందు, విచారణ తర్వాత అన్నమాట. జనంతో సంప్రదింపులకు చట్టం ఇచ్చిన చోటు ఇలా ఇరుకవుతోందన్నది మా అభిప్రాయం.

## సొంత ఫిర్యాదులు

కరెంటు పోయినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా ఎంతలో బాగు చేయాలి?

కమిషన్ నిర్దేశించిన పనితీరు ప్రమాణాల ప్రకారం, ఫ్యూజు పోతే పట్టణాల్లో 4, గ్రామాల్లో 12 పని గంటలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పట్టణాల్లో 24, గ్రామాల్లో 48 పని గంటలు. గడువు దాటితే వినియోగదారుకు పరిహారం చెల్లించాలి. మొత్తం చిన్నదే, అడిగేవారూ అరుదే. అయినా అడగాలి. చెల్లించిన పరిహారం లెక్క కమిషన్ ముందుకు వెళ్తుంది. అడక్కపోతే అంతా సవ్యంగా ఉందని ఆ నివేదిక చెబుతుంది. ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ నంబరు లేకపోతే గడియారం మొదలైనట్టే కాదు.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే ట్రాక్టర్లో తీసుకెళ్ళాలా?

వద్దు. దించడం, తరలించడం, మళ్ళీ బిగించడం డిస్కం పని, డిస్కం ఖర్చు. ఎండిపోతున్న వరిని చూస్తూ ఆగలేక రైతులు చందాలు వేసుకుంటున్నారు. అలా తీసుకెళ్ళవలసి వస్తే కిరాయి రసీదు ఉంచుకుని, వేదికలో తిరిగి ఇప్పించమని కోరండి.

జనబాట, ప్రజాబాట అంటూ ఊరికొచ్చిన అధికారులకు చెప్పాం. మళ్ళీ రాసివ్వాలా?

రాసివ్వాలి. వంగిన స్తంభం, వేలాడే తీగ, తక్కువ ఎత్తులో గద్దె లేని ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి ఈ కార్యక్రమాల్లో నిజంగానే త్వరగా బాగవుతాయి, ఎందుకంటే వాటిని అధికారి కళ్ళతో చూస్తారు. బిల్లు తగాదా, కొత్త లైను, లోడు మార్పు మాత్రం నోటిమాటగా చెబితే వాళ్ళ జీపుతో పాటే వెళ్ళిపోతాయి. కాగితం ఇచ్చి, నకలు మీద అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) సంతకం, తేదీ తీసుకోండి.

ఏఈ, ఆయన పై అధికారి ఏడీఈ పట్టించుకోవడం లేదు. తర్వాత ఎవరు?

ప్రతి డిస్కంలో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, అంటే సీజీఆర్‌ఎఫ్ ఉంటుంది. ఫీజు లేదు. తెల్ల కాగితం మీద రాసి పోస్టులో పంపినా తీసుకుంటారు. జిల్లాల్లో శిబిరాలు పెట్టి కూడా వింటారు. ఫిర్యాదుల పరిష్కారానికి గరిష్ఠంగా 45 రోజులని 2020 కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. అంబుడ్స్‌మన్‌ను నియమించేది కమిషన్, డిస్కం కాదు.

బిల్లు విపరీతంగా వచ్చింది. కట్టకపోతే కనెక్షన్ తీసేస్తామంటున్నారు.

15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు లేకుండా బకాయి పేరుతో కనెక్షన్ తీయకూడదు. వివాదం ఉంటే 56వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు బిల్లు, రెండింటిలో తక్కువది ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి కట్టండి. వివాదం తేలేదాకా సరఫరా ఆపరాదు.

మా మీద చౌర్యం కేసు రాశారు. వేదికకు వెళ్ళవచ్చా?

వేదిక వినదు. చౌర్యం కేసులు ప్రత్యేక కోర్టుకు వెళ్తాయి. అనధికార వాడకం కింద వేసిన తుది మదింపు మీద 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, అయితే ముందుగా సగం మొత్తం కట్టాలి.

## ఊరికి లైనో, ప్లాంటో వస్తుంటే

పొలంలో టవర్ వేస్తున్నారు. మా అనుమతి అక్కర లేదా?

పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్లకు ప్రభుత్వం 164వ సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఇస్తుంది. వాటితో భూమిని సేకరించకుండానే టవర్ నాటవచ్చు. పట్టా మీ పేరునే ఉంటుంది, టవర్ కూడా అక్కడే ఉంటుంది. రైతు చేతిలో మిగిలేది పరిహారం మీద వాదన. కేంద్రం 2024 జూన్‌లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం టవర్ కాళ్ళ మధ్య స్థలానికి, చుట్టూ మరో మీటరుకు భూమి విలువలో 200 శాతం, తీగల కింది నేలకు 30 శాతం ఇవ్వాలి. వీటిని రాష్ట్రం అమలుచేయాలి. ఇచ్చిన పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జి కోర్టుకు వెళ్ళవచ్చు. పునాది తవ్వకముందే పంట, బోరు, చెట్ల ఫొటోలు తీసి పెట్టండి.

సోలార్ పార్కుకు గ్రామంలో ప్రజాభిప్రాయ సేకరణ ఎందుకు పెట్టలేదు?

2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పరిధిలోకి సౌర ఫలకాల ప్రాజెక్టులు రావు. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు అయినా అంతే. పొగ రాదు కాబట్టి అడగనక్కర లేదన్నది తర్కం. మేకలు మేసే బీడు, వాగు దారి, కౌలు రైతు బతుకు ఆ తర్కంలో లేవు. భూమి సేకరిస్తే మాత్రం 2013 భూసేకరణ చట్టం అడ్డుపడుతుంది. ప్రభుత్వ భూమైతే, అసైన్డ్ పట్టాలు, సాగు అనుభవం చూపే రికార్డులు మండల కార్యాలయంలో ముందే పదిలం చేసుకోవాలి.

థర్మల్ ప్లాంటు మీద ప్రజాభిప్రాయ సేకరణలో ఏం చూసుకోవాలి?

కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీకి చేరాలి. కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలలపై థర్మల్ ప్లాంటుకు ఎదురు తిరిగిన జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. నేల ఎలాంటిదో గ్రామస్థులు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు, నివేదిక మాత్రం దాన్ని పనికిరాని భూమిగా చూపింది. కాబట్టి సభలో మొదట పట్టుకోవలసింది నివేదికలోని మీ ఊరి వర్ణనే. చెరువులు, చేపలు, పంటలు అందులో ఉన్నాయా అని చూడండి. సభ ముగిసేటప్పుడు నమోదు చేసిన అభిప్రాయాలను అక్కడున్నవారికి తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. చాలాచోట్ల ఆ సమయానికి షామియానా ఖాళీ అవుతుంది. చదివేదాకా కనీసం పదిమంది కూర్చోండి, తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దించండి.